బుజ్జమ్మ పిల్లలు

మూడో కుక్క బల్లమీదికి వచ్చేసరికి, కత్తి పెట్టకముందే డాక్టరమ్మకు గుండెలో రాయి పడింది. పశువైద్య కళాశాలలో చచ్చిన జంతువులకు పోస్టుమార్టం చేయడం ఆమె ఉద్యోగం. బతికున్నవాటిని చూసే చదువే దొరకలేదా అని వాళ్లమ్మ ఇరవై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది.

మూడూ పొడవుకాళ్ల వేటజాతి కుక్కలే. మూడేళ్లయినా నిండకుండా, పరిగెడుతూ పరిగెడుతూ ఉన్నపళంగా కూలిపోయినవే. పైకి చూస్తే నిగనిగలాడే ఒళ్లు. గుండె తీసి చూస్తే మాత్రం కుడివైపు ఎర్రటి కండ ఉండాల్సిన చోట పసుపుపచ్చటి కొవ్వు. వేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. తిండివల్ల వచ్చే రోగం కాదది, తల్లిదండ్రుల రక్తంలోంచి దిగేది. కాగితాలు తిరగేస్తే మూడూ ఒకే ఇంట్లో పుట్టాయి. ఆ ఇల్లు ఆమె అన్నయ్యది.

అన్నయ్యకు కుక్కలంటే పంచప్రాణాలు. మగది దొర, ఆడది బుజ్జమ్మ. చచ్చిన మూడింటికీ అవే తల్లిదండ్రులు. రెండింటికీ ఈసీజీ తీసినా ఏ లోపమూ కనబడలేదు. రోగాన్ని పైకి తెలియకుండా మోసేవి ఉంటాయని, ఇక రెండింటికీ పిల్లలు వద్దని ఆమె చెప్పింది. అన్నయ్య వినలేదు. ఏ పక్కనుంచి వచ్చిందో తేల్చమని ప్రాణం తోడేశాడు. దొర తోబుట్టువొకటి ఎక్కడో ఇలాగే పడిపోయిందని ఎవరో అన్నమాట గుర్తొచ్చి, చివరికి ఆమె నోరు జారింది. బహుశా దొరేమో అంది.

ఆ ‘బహుశా’ అన్నయ్య చెవిన పడలేదు. దొరను వేరే కట్టేసి, బుజ్జమ్మకు పొరుగూరి మగకుక్కతో జత కట్టించాడు. ఆరు పిల్లలు పుట్టాయి. అయిదు అయిదిళ్లకు వెళ్లాయి. ఆరోదాన్ని వాళ్లమ్మ ముచ్చటపడి డాక్టరమ్మ ఇంటికే తెచ్చుకుంది. వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు.

ఏడాదిన్నర గడిచాక దొర ముసలితనంతో నిద్రలోనే పోయింది. అన్నయ్య దాన్ని దుప్పట్లో చుట్టి తనే మోసుకొచ్చాడు. బయట కూర్చోమన్నా కూర్చోలేదు, గోడకానుకుని నిలబడ్డాడు.

ఆమె గుండెను నిలువునా కోసి కుళాయి కింద కడిగింది. కుడిగోడ ముదురెరుపుగా, గట్టిగా ఉంది. నమ్మలేక మళ్లీ కడిగింది. ముక్కలు చెడకుండా ఫార్మలిన్‌లో వేసి, వారం తర్వాత వాటి పలచటి పొరలను ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టింది. రోగాన్ని మోసే కుక్కకు ఆ వయసుకు లోపల ఎంతో కొంత జాడ ఉండాలి, ఒక్కదాంట్లోనూ లేదు.

అన్నయ్యను పిలిపించింది.

“దొరది కాదన్నయ్యా. బుజ్జమ్మది. దాదాపు ఖాయం.”

“నువ్వే కదా దొర అన్నావు.”

“అన్నాను. అనకుండా ఉండాల్సింది.”

అన్నయ్య అరవలేదు. అరిచినా బాగుండేదని ఆమెకు అనిపించింది. పిల్లల్లో సగానికి రావచ్చని, ఏ సగమో ఇప్పుడే చెప్పలేమని ఆమె వివరిస్తుంటే, ఆయన నేలచూపులు చూస్తూ విన్నాడు. బుజ్జమ్మ పోయినప్పుడు కూడా నువ్వే కోసి చూడు, ఇంకెవరి చేతికీ ఇవ్వకు అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కూర్చుని అయిదిళ్లకూ ఫోన్లు చేశారు. పరుగులు పెట్టించొద్దని, పిల్లలు పెట్టించొద్దని, ఏటా గుండె చూపించమని చెప్పారు. ఒకాయన తన కుక్క బాణంలా దూసుకుపోతుందని నవ్వి ఫోన్ పెట్టేశాడు. నాలుగో ఇంటావిడ మాత్రం, పోయిన వారం తమది బంతి వెంట పరిగెత్తి తూలి పడిందని, కాలు మడత పడిందేమో అనుకున్నామని చెప్పింది. డాక్టరమ్మ వెంటనే తీసుకురమ్మంది.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది. అమ్మ పక్కనే పడుకున్న కుక్క వీపు నిమురుతూ అడిగింది.

“ఇప్పుడు దీనికేమైనా నొప్పిగా ఉంటుందంటావా?”

“ఉండదమ్మా. దానికేం తెలియదు.”

కుక్క లేచి తలుపు గోకింది. షికారు వేళయింది. రోజూ వీధి చివర గొలుసు విప్పేవాళ్లు, ఆ రోజు విప్పలేదు. ఎదుటి ప్రహరీ మీద పిల్లి కనబడగానే కుక్క ఒక్క ఊపున ముందుకు లాగింది. అమ్మ రెండు చేతులతో గొలుసు పట్టుకుని, “మెల్లగా నడువు నాన్నా, మెల్లగా” అంది.