సంఘంలో కొత్త మెంబరు

మీనాకుమారి పెసరట్టు తిరగేస్తుండగా హాల్లో తన కొత్త నాటకం చదివి వినిపిస్తున్న భర్త గున్నేశ్వరరావు గొంతు వినిపించింది.

“మీనా, మొగుడు చెప్పకుండా పొలం అమ్మేశాడు. పెళ్ళాం ఏమంటుంది?”

“ఏమీ అనదండీ. అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చోవడం మానేస్తుంది.”

హాల్లో ఉన్నవాళ్ళు ఆహా అన్నారు. వాళ్ళంతా రాజమండ్రి నాటక, రేడియో రచయితల సంఘం సభ్యులు, గున్నేశ్వరరావు కార్యదర్శి.

“మా ఆవిడండీ” అని మురిసిపోయాడాయన. ఆ మురిపెం అబద్ధం కాదని ఆమెకు తెలుసు. నాటకానికి బహుమతి వస్తే ఆత్రేయపురం దాకా వెళ్ళి పూతరేకులు తెచ్చే మనిషి. తనకు జ్వరమొస్తే చారు కాచి పట్టుకొచ్చే మనిషి. రేడియోలో ఆయన నాటిక విని పక్కింటి పావని, “మాస్టారు ఆడవాళ్ళ మనసు భలే పట్టుకున్నారండి” అంటే మీనాకుమారి నవ్వి ఊరుకునేది. ఆ మాటలు ఎవరూ దొంగిలించలేదు, తనే అందించింది, అట్టు అందించినట్టు. అయినా అట్టు తిన్నవాళ్ళు ఎవరు వేశారని అడుగుతారు. మాట విన్నవాళ్ళు ఎందుకు అడగరు?

నాటకం చదవడం అయ్యాక అసలు చర్చ మొదలైంది. సభ్యుడు పెద్దిరాజు గారి రేడియో నాటికలోని మాటల్ని ఏదో సీరియల్‌వాళ్ళు వాడేసుకున్నారు, పేరు వెయ్యలేదు. సంఘం తరఫున నిరసన తెలపాలి.

“నా మాటలు ఇంకెవరివో అయిపోతే కడుపు రగిలిపోతుందండి” అన్నాడు పెద్దిరాజు.

“ఒక్క వాక్యమైనా సరే, రాసినవాళ్ళ పేరుండాల్సిందే” అన్నాడు గున్నేశ్వరరావు. “మీనా, దీన్ని ఇంకాస్త గట్టిగా ఎలా చెప్పొచ్చంటావ్?”

ఆమె స్టవ్ కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుని హాల్లోకి వచ్చింది.

“చెప్తానండి. ముందు నన్ను సంఘంలో చేర్చుకోండి.”

పెద్దిరాజు, “చేరాలంటే ఒక్క నాటకమైనా రాసుండాలి కదమ్మా” అన్నాడు మెల్లగా.

ఆమె భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఆయన చెప్తాడని నమ్మకం ఉంది, చెప్పడేమోనని భయమూ ఉంది. గున్నేశ్వరరావు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“రాసిందండి. నా నాటకాల్లో ఆడవాళ్ళు మాట్లాడేవన్నీ ఆవిడ మాటలే. నాకు అలవాటైపోయి తెలీలేదు.” కాస్త ఆగి, “అయితే నా పేరు తీసెయ్యమంటావా మీనా?” అన్నాడు.

“తీసెయ్యడం దేనికండీ? కొంచెం పక్కకి జరగండి, చాలు.”

ఆయన సోఫాలో జరిగాడు. బాగానే జరిగాడు.