కట్టకు ఎగువన

ములకలపల్లి అవతల అడవిలో పుట్టే పులిఒర్రె అనే వాగు 1976 వానల్లో ఒక్కసారిగా పొంగింది. కింది ఊళ్ల వరిపొలాలను ముంచింది. ఎగువన లంబాడీ తండాలో ఉండే భీమ్లా కూతురు లాలిని, వాగు దాటుతుండగా తీసుకుపోయింది. అందుకే సర్కారు ఒర్రెకు అడ్డకట్ట వేస్తుందని తెలిసినప్పుడు తండాలో అందరికంటే ముందు సంబరపడింది భీమ్లాయే.

సర్వేకు వచ్చిన సూపర్వైజర్ వెంకటప్పయ్యకు ఆ అడవి కొత్త. ఒర్రె ఎక్కడ ఇరుకవుతుందో, ఏ రెండు గుట్టల నడుమ తవ్వితే గట్టిరాయి తగులుతుందో భీమ్లా దగ్గరుండి చూపించాడు.

"నీళ్లు మా తండా దాకా రావు గదా సారూ?" అని అడిగాడు.

"రావులే," అన్నాడు వెంకటప్పయ్య.

ఆ మాట నమ్మి, మట్టిపనికి వెనకాడిన తండావాళ్లను భీమ్లా ఇల్లిల్లూ తిరిగి ఒప్పించాడు. రెండు ఎండాకాలాలు మట్టి మోశారు. నడుము పట్టేసినా అతని భార్య చాంది తట్ట దించలేదు.

కట్ట పూర్తికావస్తుండగా ఒక ఉదయం ఆఫీసు మనుషులు తండాకు వచ్చి, ఇళ్ల గోడల మీద సున్నంతో నంబర్లు వేయసాగారు. భీమ్లా కట్ట మీదున్న వెంకటప్పయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"ఏంది సారూ, గీ నంబర్లేంది?"

"వానలొచ్చేలోపు ఖాళీ చెయ్యాలి. ఆగిన నీళ్లు మీ తండా మీదికే వస్తాయి."

"రావంటివి గదా!"

వెంకటప్పయ్య మొహం తిప్పుకున్నాడు. "నిజం చెబితే మీరు పనికొచ్చేవారా?"

భీమ్లా చెయ్యి పైకి లేచింది. అంతలోనే దించుకున్నాడు.

సంగతి విన్నాక తండాలో ఎవరూ అతన్ని తిట్టలేదు. పలకరించనూ లేదు. చాంది మాత్రం అడిగింది.

"కట్టకు జాగ చూపింది నువ్వేనా?"

"అవ్."

ఆమె గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది.

తండావాళ్లు గుట్ట మీద వేసుకున్న గుడిసెలను రిజర్వు అడవి అంటూ గార్డులు పీకేశారు. తండా చెల్లాచెదురైంది. ఆ ఏడు ఒర్రె పొంగినా కట్ట నిలిచింది. కింద ఒక్క మడి మునగలేదు. పైన తండా కప్పుల దాకా మునిగింది.

శ్రావణంలో భీమ్లా, చాంది కట్టకు దిగువన రైతు బసవపున్నయ్య పొలంలో నాట్లకు కుదిరారు. ఆయన గట్టు మీద నిలబడి నిండు పొలాన్ని చూసి మురిసిపోయాడు.

"ఎన్నేళ్లకో దేవుడు దయ చూశాడు. మీది ఏ తండా అమ్మా?"

చాంది నడుం ఎత్తి ఆయన వంక చూసింది.

"నీళ్లల్ల ఉన్నదయ్యా."

భీమ్లా తల ఎత్తలేదు. చేతిలోని నారు బురదలో గుచ్చుతూ వెనక్కి జరిగాడు.