తెగిన కూత

నూలు మిల్లు మూతపడి ఏళ్లు గడిచినా, దాని కూత మిల్లు కార్మికుల లైన్ల ఇళ్ల ఆడవాళ్ల చెవుల్లోంచి పోలేదు. ఏకధాటిగా పొడుగ్గా కూస్తే షిఫ్టు మారినట్టు. తెగ్గొట్టి తెగ్గొట్టి కూస్తే లోపల ఎవరికో ప్రమాదం జరిగినట్టు. ఎవరి మొగుడో, ఎవరి కొడుకో తెలియదు కాబట్టి అందరూ గేటు దగ్గరకు పరిగెత్తేవాళ్లు.

ఇప్పుడా మిల్లు మ్యూజియం. లైన్లలో మొట్టమొదట డిగ్రీ చదివిన అమ్మాయికి అందులోనే గైడు ఉద్యోగం వచ్చింది. అందరూ ఆమెను ‘డిగ్రీ’ అనే పిలుస్తారు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. “మీ నాన్న పోయిన చోటే నీకు జీతమా!” అని అమ్మ మొదట్లో ముక్కు చీదింది. తర్వాత తనే రోజూ యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టసాగింది.

ఒక ఆదివారం మేనేజరు పాత సైరన్ బాగుచేయించి, ఆ గది తాళం తీసి, సందర్శకుల ముందు మీట నొక్కాడు. పొడుగు కూత మరీ చప్పగా ఉందని, సరదాగా తెగ్గొట్టి తెగ్గొట్టి కూయించాడు.

డిగ్రీ మీట వైపు ఉరికింది. “సార్, ఆపండి!” అనేలోపే గేటు బయట అలికిడి. లైన్ల ఆడవాళ్లు పరుగున వచ్చేస్తున్నారు. ఒకామె చేతులకు పిండి, ఇంకొకామె తలకు సబ్బు నురగ. అందరికంటే ముందు, చెప్పుల్లేకుండా, అమ్మ. మిల్లు మూతపడిన సంగతి ఆ కాళ్లకు గుర్తులేదు. గేటు ఊచలు పట్టుకుని, “ఎవరికి? ఎవరికమ్మా?” అని అరిచింది.

సందర్శకులు ఫోన్లు తీశారు. చప్పట్లు కూడా కొట్టారు.

“ఎవరికీ ఏం కాలేదమ్మా. ఊరికే కూయించారు,” అంది డిగ్రీ.

అమ్మ ఆ ఫోన్ల వంక వెర్రిగా చూసింది. “స్టవ్ మీద పాలు పెట్టి వచ్చానే, పిచ్చిదాన్ని,” అని వెనక్కి తిరిగింది. కాలి బొటనవేలు చిట్లి రక్తం కారుతోంది.

మేనేజరు ముఖం వెలిగిపోతోంది. “అబ్బ, ఏం సీనమ్మా! ప్రతి ఆదివారం ఇలాగే పరిగెత్తమని మీవాళ్లతో చెప్పరాదూ? టీ, టిఫిన్లు మనవే.”

“వాళ్లు వేషం కట్టలేదు సార్. ఒకప్పుడు ఆ కూత విని పరిగెత్తిన మా అమ్మకు, మా నాన్నను గోనెపట్టాలో చుట్టి అప్పగించారు.”

“అయ్యో పాపం. కానీ హెరిటేజ్ అంటే అదే కదా! జనం కదిలిపోవాలి.”

“కదిలింది మీ జనం కాదు సార్, మావాళ్లు. పొడుగు కూత పెట్టండి, చాలు.”

“నీ పర్మినెంటు కాగితం నా సంతకం కోసమే ఆగి ఉంది. గుర్తుంచుకో.”

ఇంటికెళ్లి చెబితే అమ్మ తేలిగ్గా తీసేసింది. “ఉద్యోగం పోగొట్టుకుంటావా ఏం? ఆదివారాలు చెవుల్లో దూది పెట్టుకుంటాలేవే.”

ఆ మాటకు డిగ్రీ ఒళ్లు మండిపోయింది. వాళ్ల సరదా కోసం, సొంత ఇంట్లో కూర్చుని, మా అమ్మ చెవులు మూసుకోవాలా?

మళ్లీ ఆదివారం వచ్చింది. మేనేజరు మీట మీద చెయ్యి వేయగానే డిగ్రీ సందర్శకుల వైపు తిరిగింది.

“ఇప్పుడు తెగ్గొట్టిన కూత వినబోతున్నారు. ఇలా కూస్తే లోపల మనిషి చచ్చిపోయాడో, చెయ్యి తెగిందో అని అర్థం. మా నాన్న పోయినప్పుడూ ఇలాగే కూసింది. వినగానే మా అమ్మ పొయ్యి మీద గిన్నె వదిలేసి ఈ గేటు దాకా పరిగెత్తుకొస్తుంది. పోయినవారం తగిలిన దెబ్బ ఇంకా మానలేదు. కూత కావాలన్నవాళ్లు చేతులెత్తండి.”

సందర్శకుల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక ఒకాయన మాత్రం, “టికెట్ కొన్నాం కదండీ,” అంటూ చెయ్యి లేపబోయాడు. “సిగ్గులేదూ?” అని పక్కనున్న భార్య ఆ చెయ్యి కిందకు లాగేసింది.

మేనేజరు మీట మీద నుంచి చెయ్యి తీశాడు. “నువ్వోసారి ఆఫీసుకి రా,” అన్నాడు పళ్లు నూరుతూ.

“వస్తాను సార్. ముందు ఆ సైరన్ గది తాళంచెవి ఇలా ఇవ్వండి,” అని అందరి ముందూ చెయ్యి చాపింది డిగ్రీ.