కుడివైపు నాడె

"ఇంకొంచెం ముందుకు వంగవే, అంచు వదులైతాంది" అన్నాడు కేశవ, మగ్గం మీది చూపు తిప్పకుండానే.

గంగాదేవి వంగింది. వంగీ వంగగానే కుడి రొమ్ములో నిప్పు పెట్టినట్టయి, ఆ మంట చంకదాకా పాకింది. పళ్లు బిగబట్టి అడ్డపోగు నడిపే నాడె విసిరింది. ధర్మవరంలో ఎవరినడిగినా చెబుతారు, కుట్టంచు చీర ఒక్కరి వల్ల అయ్యే పని కాదని. చీర రంగు నాడె ఒకరిది, కుడివైపు అంచు రంగు నాడె ఇంకొకరిది. పోగు పోగుకీ రెండు రంగులూ పెనవేసుకుంటేనే అంచు నిలుస్తుంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ రెండో మనిషి గంగాదేవే. అయినా చీర మాత్రం 'కేశవ నేసిన చీర'. మరి ఆమె ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "పక్కన కూచుంటాది" అనేవాడు. తెల్లారకముందే నీళ్లు పట్టి, వంట చేసి, నాడెల్లోకి పట్టు కండెలు చుట్టి, అప్పుడొచ్చి కూచుంటుంది మరి. తీరిగ్గా కూచోవడమంటే అదే కాబోలు.

ఈ మధ్య ఆమెకు నెలసరి గతి తప్పింది. ఒక నెల వస్తే రెండు నెలలు కనబడదు. దాంతోపాటే ఈ నొప్పి. ఒక్కోసారి రెండు రొమ్ములూ బరువెక్కి రవికె తగిలినా ఓర్చుకోలేకపోతోంది. వీధి చివరింటి చంద్రికమ్మ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. ఆ శవం గుర్తొచ్చినప్పుడల్లా గంగాదేవికి అన్నం దిగేది కాదు. ఉండబట్టలేక అత్త ఆంజినమ్మకు చెప్పుకుంది.

"మగోనితో అనేవు. ఆడోళ్ల సంగతి మగోళ్లతో చెప్తారా ఎవరన్నా? కడుపులో పెట్టుకోవల్ల" అంది ఆంజినమ్మ. పాత చీర చించి రొమ్ముల చుట్టూ బిగించి కట్టుకోమంది. మగ్గం మీద పడుగు వదులైతే బిగిస్తారు కదా, ఒళ్లూ అంతేననుకుని గంగాదేవి ఊపిరాడనంతగా కట్టుకుంది. నొప్పి ఇంకా ఎక్కువైంది.

చివరికి కేశవకే చెప్పింది. అతను విని, మళ్లీ నాడె అందుకున్నాడు. ఆ సాయంత్రం అరుగు మీద పక్కింటి ఓబిలేష్, చీరలు కొనే సావుకారు హరినాథ్ కూచుని ఉంటే, వాళ్లతో అన్నాడు. "మా ఇంటిదానికి ముసలితనంలో కొత్తగా వయసొచ్చినట్టుండాదప్పా. ఆడ నొప్పంట, ఈడ నొప్పంట." ముగ్గురూ నవ్వారు. లోపల టీ వడగడుతున్న గంగాదేవికి ఆ నవ్వు స్పష్టంగా వినబడింది. ఆ టీ తనే తీసుకెళ్లి వాళ్లకు ఇచ్చింది కూడా. పోయినేడు ఇదే మనిషికి నడుం పట్టేస్తే వీధంతా వచ్చి పలకరించింది. ఉప్పు మూట వేడిచేసి పూటపూటా కాపడం పెట్టింది ఈ చేతులే. అప్పుడెవరూ నవ్వలేదు. ఆమె ఆ నవ్వును మరిచిపోలేదు, మరిచిపోవాలనీ అనుకోలేదు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా అనంతపురం బస్సెక్కింది. డాక్టరమ్మ చేత్తో తడిమి చూసింది, స్కానింగులు తీయించింది. "గడ్డ లేదమ్మా. నెలసరి ఆగిపోయే ముందు హార్మోన్లు నిలకడగా ఉండవు, ఎక్కువా తక్కువా అవుతుంటాయి. అందుకే ఈ నొప్పి. చాలామందికి వస్తుంది, నెలసరి పూర్తిగా ఆగినాక మామూలుగా తగ్గిపోతుంది. ఎప్పుడన్నా గడ్డ తగిలినా, చర్మం గుంటపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా వెంటనే రావాలి" అంది. ఆ కట్టు చూసి తలపట్టుకుంది. కొలతకు సరిపోయే బాడీ కొనుక్కోమంది. చేయి చాపి చాపి కండరం కూడా పట్టేసింది, కొన్నాళ్లు మగ్గం జోలికి పోవద్దంది.

బయటికొచ్చి గంగాదేవి ఆసుపత్రి మెట్ల మీద కూచుని తనివితీరా ఏడ్చింది. చావు తప్పింది. ఏడుపు ఆగాక కోపం మిగిలింది.

ఇంటికొచ్చి ఉప్పు మూట వేడిచేసుకుని, గోడకు ఆనుకుని రొమ్ముకు పెట్టుకుంది. కేశవ మగ్గంలోంచి పిలిచాడు. ఆమె లేవలేదు. అతనే లేచొచ్చి, ఆమె పక్కనున్న ఆసుపత్రి కాగితాలు చూశాడు.

"ఆసుపత్రికి పోయింటివా? ఏమన్నారు?"

"మగ్గమెక్కొద్దన్నారు."

అతని మొహం మారింది. "అంటే... చంద్రికమ్మకు వచ్చినట్టా?"

గంగాదేవి మూలన కూచున్న అత్త వైపు చూసింది. "ఆడోళ్ల సంగతి మగోళ్లతో చెప్తారా ఎవరన్నా? కడుపులో పెట్టుకోవల్ల. కదా అత్తా?"

కేశవ ఆ రోజు అన్నం సగం వదిలేశాడు. తర్వాతా అంతే. ఆమె దగ్గినా ఉలిక్కిపడి చూసేవాడు. చూడనీ అనుకుంది గంగాదేవి. తను ఇన్నాళ్లు ఒంటరిగా మోసిన భయం, కాస్త అతనూ మోయనీ.

మగ్గం మీద సగంలో ఆగింది హరినాథ్‌కు ఒప్పుకున్న పెళ్లిచీర. ఒక్కడే కూచుని అతను రెండు నాడెలూ ఆడించబోతే అంచు కలిసే కుట్టు దగ్గర సందులు పడ్డాయి, విప్పుకోవాల్సొచ్చింది. ముహూర్తం ముంచుకొస్తోందని హరినాథ్ వచ్చాడు. వెనకాలే ఓబిలేష్. అదే అరుగు.

"ఏమప్పా, ఎందుకాగింది?"

"జరీ రాలేదు సావుకారూ" అన్నాడు కేశవ. లోపలికొచ్చి గొంతు తగ్గించి బతిమాలాడు. "గంగా, ఈ ఒక్క చీరకు రావే."

"ఆ పొద్దు నా నొప్పిని యాడ చెప్పి నవ్వినావు? ఆడనే నిజం చెప్పు పో."

కేశవ గడప దగ్గర తుండు దులిపి భుజానేసుకున్నాడు. తర్వాత అరుగు మీదికి పోయాడు.

"జరీ ఉండాది సావుకారూ. మా ఆడమనిషికి రొమ్ము నొప్పి. ఇన్నేండ్లు ఆ అంచులన్నీ అది నేసినవే. అది కూచోకుంటే ఈడ చీర లేదు."

ఎవరూ నవ్వలేదు. ఓబిలేష్ చెప్పులు వెతుక్కున్నాడు.

కేశవ లోపలికొచ్చి మగ్గం గుంతలోకి దిగాడు. కుడివైపు నాడె తీసి ఆమె వైపు చాపాడు.

గంగాదేవి చల్లారిన ఉప్పు మూట అతని చాపిన చేతిలో పెట్టింది.

"చెప్పమన్నా. కూచుంటానని యాడ అంటి? పోయి ఇది వేడిచేసుకుని రా."