రెండో శుక్రవారం

సత్యవేణి ఎడమచేత్తో బియ్యం ఏరుతోంది. కుడి మణికట్టు వాచి గాజులు పట్టేశాయి. ఎడమచేతికి ఈ పని కొత్త. దానికింకా రాయికీ నూకకీ తేడా తెలియదు. నిన్న మొగుడు నరేంద్ర పంటికింద రాయి పడింది. "కావాలనే ఒదిలేవేటి?" అని మెల్లగా అడిగాడు. అతను అరిచే రోజుల్లో ఆమెకు ఇంత భయం ఉండేది కాదు.

రాయగడ దగ్గరి ఆ టౌన్‌షిప్‌లో ఫ్యాక్టరీ లాకౌటై నాలుగు నెలలు. క్వార్టర్సులో మగవాళ్ళంతా ఇళ్ళలోనే ఉన్నారు. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియనివాళ్ళు కూడా పప్పులో ఉప్పు తగ్గిందని కనిపెడుతున్నారు. ఆ నాలుగు నెలలూ ఆమెను నిలబెట్టింది శుక్రవారం పారాయణ. రిటైరైన రైల్వే గుమాస్తాగారి భార్య సూర్యకాంతమ్మ ఇంట్లో పన్నెండుమంది ఆడవాళ్ళు చేరి లలితా సహస్రనామం చదువుతారు. సత్యవేణికి అమ్మవారు కలలో కనబడిందేమీ లేదు. బీఏ చదివినా ఆ వెయ్యి పేర్లలో సగానికి అర్థం తెలియదు. కానీ ఆ గంటన్నరసేపూ ఎవరూ ఆమెను మంచినీళ్ళు తెమ్మనరు. అటు భుజం ఇటు భుజం తగులుతూ, అందరి గొంతులూ ఒక్కటై సాగుతుంటే, రేపనేది ఒకటుందని నమ్మకం కుదిరేది.

"అక్కడందరూ సేరి మొగుళ్ళ మీద సాడీలు సెప్పుకుంటారు" అన్నాడు నరేంద్ర. మణికట్టు మెలితిప్పింది ఆ రోజే. పోయిన శుక్రవారం పిలవడానికొచ్చినామెను అత్తగారు బంగారమ్మ గుమ్మంలోంచే "బయటుందమ్మా" అని పంపేసింది. ముట్టయిన మనిషి దేవుడి దగ్గరకు పోకూడదు కనుక మారుమాట లేదు. ఆ పూట వండిందీ వడ్డించిందీ ఆ బయటున్న మనిషే. అంత మడిగల అత్తగారు చారు రెండుసార్లు వేయించుకుంది.

ఈ ఉదయం నరేంద్ర పెరటి తలుపుకి కొత్త గడియ బిగించాడు. "దసమంతపూర్‌లో మావయ్య ఇల్లు ఖాళీగా ఉంది. సోమారం మనం ఎల్లిపోతన్నాం. అక్కడ నిన్ను పిలవడానికెవులూ రారు" అన్నాడు, స్క్రూ తిప్పుతూ, ఎటూ చూడకుండా.

నాలుగింటికి వీధిలో చెప్పుల చప్పుడైంది. ఒక జతది కాదు.

"సత్యవేణి ఏదీ?" సూర్యకాంతమ్మ గొంతు.

"బయటుందమ్మా" అంది బంగారమ్మ.

"మళ్ళీనా? పోయిన శుక్రారమూ అదే సెప్పేవు గదేటి!"

"ఒంట్లో బాగోక..."

"సూడు బంగారమ్మా, దీపం ఎవులు ముట్టాలో తెలియాలని మా పన్నెండుమంది తారీకులూ మా దేవుడి గది తలుపెనకాల క్యాలెండర్లో సుక్కలెట్టుకుంటాం. నీ కోడలిది పోయిన నెల ఇరవై రెండు. నేడు పదకొండు. ఇంకో తొమ్మిది రోజులు ఆగితే నీ అబద్ధం నిజమైపోను!"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. లోపల కుర్చీ కిర్రుమంది. నవ్వు ఆగిపోయింది.

"ఇది మా ఇంటి సంగతి, పిన్నీ" అన్నాడు నరేంద్ర.

"అవును బాబూ. అందుకే మీకు వంటెవులు సేస్తన్నారో నేనడగలేదు."

సత్యవేణి చేట పక్కన పెట్టింది. ఇప్పుడు బయటికెళితే, సాయంత్రం అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు, ఇతను ఇక్కడే ఉంటాడు. వెళ్ళకపోతే సోమవారం ఉంది. లేచి, అతని పక్కనుంచే నడిచి గుమ్మంలోకి వచ్చింది. సూర్యకాంతమ్మ ఆ మణికట్టు చూసింది. పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఎల్లిరా" అన్నాడు నరేంద్ర నవ్వుతూ. "సీకటి పడ్డాక ఎలాగూ ఇంటికే కదా రావాలి."

ఆ నవ్వు ఆమెకు తెలుసు. గుమ్మం దాటి సూర్యకాంతమ్మ వైపు తిరిగింది.

"పిన్నీ, ఇరవయ్యో తారీకు దాకా రోజూ మీ ఇంట్లో దీపం నేనే పెడతాను. ఆ తరవాత మూడు రోజులూ మీ వెనక గదిలోనే కూచుంటాను."