బాల్కనీ ఎదుట కొండ

ఫ్లాట్లు అమ్మిపెట్టే బ్రోకరు ఎవరికేం చెప్పినా చెల్లుతుంది గానీ, అత్తగారితో మాట్లాడేటప్పుడు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మన అల్లుడుగారికి ఆ జ్ఞానం లేకపోయింది. "బాల్కనీలో నిలబడితే ఎదురుగా కొండ, అత్తయ్యా! పొద్దున్నే చూస్తే ప్రాణం లేచొస్తుంది," అని ఊరించి నాలుగో అంతస్తులో ఫ్లాటు కొనిపించాడు. బిల్డరు చెప్పిన మాటే అది. తను మాత్రం ఎప్పుడు చూశాడు గనక!

అత్తగారు బాల్కనీలో కుర్చీ వేసుకుంది. ఎదురుగా బస్సుల పొగ, దాని వెనక ఫ్యాక్టరీ పొగ, ఆ వెనక ఏముందో దేవుడికే తెలియాలి. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అల్లుడి మాటకు విలువ పోయింది. ఫలానా డాక్టరు మంచివాడంటే, "మన కొండలాంటి మంచివాడేనా?" అనేది. వాన రాదంటే గొడుగు పట్టుకుని బయల్దేరేది. పైకి తనూ నవ్వేవాడు గానీ, లోపల చివుక్కుమనేది పాపం.

అంతలో లాక్‌డౌన్ వచ్చిపడింది. రెండ్రోజులుండి పోదామని భార్యతో వచ్చినవాడు అత్తింట్లోనే ఇరుక్కుపోయాడు. బస్సులు ఆగాయి. ఫ్యాక్టరీ గొట్టాలు చల్లబడ్డాయి. ఎంత తుడిచినా నల్లబడే బాల్కనీ కమ్మీలు అలా శుభ్రంగానే ఉండిపోయాయి. ఒకరోజు బాగా వాన కురిసి వెలిశాక, బట్టలారేస్తున్న అత్తగారు తడి తువ్వాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అల్లుడుగారూ, ఒక్కసారి ఇలా రండి."

మళ్లీ ఏం తప్పు చేశానురా భగవంతుడా అనుకుంటూ వెళ్లాడు. ఎదురుగా కొండ! నీలంగా, ఇంత పొడుగున, నెత్తిన ఓ చిన్న మబ్బుతో. "ఓరి నాయనో, నిజంగానే ఉందే!" అనబోయి నాలిక కరుచుకుని, "చెప్పాను కదత్తయ్యా," అన్నాడు.

ఆ పూట అతనికి కాఫీ పెద్ద గ్లాసులో వచ్చింది. మర్నాటి నుంచి వాన వస్తుందా రాదా అని అతన్నే అడగసాగింది.

లాక్‌డౌన్ ఎత్తేశారు. బస్సులు కదిలాయి, గొట్టాలు రాజుకున్నాయి, కొండ మళ్లీ పొగలో కలిసిపోయింది. సరిగ్గా అప్పుడే, కూతురూ అల్లుడూ ఇంకా బయల్దేరకముందే, అత్తగారి అక్క దిగింది.

"ఏదే, ఫోన్లో ఊదరగొట్టావే, ఆ కొండ?"

"అదిగో, ఆ పొగ వెనకాల. ఫొటో కూడా పంపాను కదక్కా!"

"మబ్బుని ఫొటో తీసి కొండంటే సరా?"

అత్తగారి మొహం చిన్నబోయింది. "అల్లుడుగారూ, మీరైనా చెప్పండి!"

"ఏ కొండ అత్తయ్యా?" నాలిక చివరిదాకా వచ్చేసింది. ఎన్నేళ్ల కసి మరి! కానీ ఆవిడ మొహం చూశాడు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఆ మొహం తనది.

"ఉంది పెద్దత్తయ్యా. నా కళ్లతో చూశాను."

"బ్రోకరువి, నువ్వు అలాగే అంటావులే నాయనా!"

అత్తగారు గయ్యిమని లేచింది. "ఏమిటక్కా ఆ మాట? మా అల్లుడు ఒకటి చెప్పాడంటే అది నిజమై తీరాల్సిందే!"

అల్లుడుగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమైందని భార్య అడిగితే, బస్సుల పొగ అన్నాడు. ఆవిడ నమ్మలేదు.