శుక్రవారం అద్దె

కల్లూరులో వీరభద్రప్ప ఇల్లంటే మూడంతస్తులు, ఆరు పోర్షన్లు, ఒకే ఒక్క నీళ్ల మోటారు. ఆరింటిలో మెట్ల కింద రేకుల షెడ్డున్న పోర్షన్‌లో హులిగెమ్మ ఉంటుంది. కోసిగి వైపు నుంచి వచ్చి మూడేళ్లయింది. ఆ షెడ్డులో కట్టెల పొయ్యి పెట్టుకుని రోజూ సాయంత్రం జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. కట్టెల పొయ్యికి ఒప్పుకునే అద్దె ఇల్లు కల్లూరు మొత్తం జల్లెడ పట్టినా ఇంకోటి దొరకదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఇంటాయనకూ తెలుసు. అందుకే అద్దె నాలుగు వేలన్నా, మోటారు రోజుకు అరగంటే వేసినా ఆమె ఇన్నాళ్లూ కిక్కురుమనలేదు.

నోరు లేక కాదు. హులిగెమ్మకు నోరు లేదంటే కోసిగిలో కుక్కలు కూడా నవ్వుతాయి.

అద్దె కట్టాల్సింది ఐదో తారీఖు. ఈ నెల ఖాతా చూసుకుంటే రెండు వేల మూడు వందల యాభై ఉంది. మొగుడు మారెన్న ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర లారీలకు బస్తాలెత్తుతాడు. అక్కడి కాంట్రాక్టరు సోమవారం ఇస్తా, సోమవారం ఇస్తా అంటూ మూడు సోమవారాలు దాటించేశాడు. సరే, ఆ డబ్బు దేవుడెరుగు. రావాల్సిన పద్దెనిమిది వందలు ఇంకోటి ఉంది, అది దూరాన కూడా కాదు, నెత్తి మీది అంతస్తులోనే ఉంది. పోయిన నెల మనవరాలిని ఉయ్యాలలో వేసిన రోజున వీరభద్రప్ప భార్య శివలీల నూటయాభై రొట్టెలు చేయించుకుంది. రొట్టె పన్నెండు రూపాయలు. చుట్టాలంతా లొట్టలేసుకుంటూ తిని పోయారు. డబ్బు మాత్రం ఇంతవరకూ మెట్లు దిగలేదు.

మంగళవారం వెళ్లి అడిగింది. "మంగళవారం పూట ఎవురన్నా ఇంట్లో దుడ్లు బయటికిస్తారా ఏమ్మే?" అంది శివలీల. బుధవారం అడిగితే ఇంటాయన ఊళ్లో లేడన్నారు. గురువారం రొట్టెల పని ముగించుకుని పైకి వెళ్లేసరికి, "ఇప్పుడే దీపం పెట్టినా. దీపం పెట్టినాక ఇయ్యకూడదు" అంది. హులిగెమ్మ దాన్నీ మింగింది. తన కష్టం మాత్రం దాచుకోకుండా చెప్పేసింది.

"రేపు అద్దె గదక్కా. నాకాడ రెండు వేల మున్నూరు ఉండాది. మా ఇంట్లో ఇంకా దీపం పెట్టలే, ఇప్పుడే ఏస్తా. నా రొట్టెల దుడ్లు మీరిస్తే మిగిలింది గూడా కట్టేస్తా."

లోపల టీవీ చూస్తున్న వీరభద్రప్ప తల కూడా తిప్పలేదు. "అద్దె ముక్కలు ముక్కలుగా తీసుకునే అలవాటు మనింట్లో లేదు. రేపు మొత్తం ఎయ్యి" అన్నాడు.

తెల్లారితే శుక్రవారం. ఆమె ఇక అడగనే లేదు, అడిగితే ఏమంటారో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. సాయంత్రం నాలుగింటికి జొన్నపిండి గంగాళంలో వేసుకుని షెడ్డు దగ్గరికి వస్తే, తలుపుకు కొత్త తాళం కప్ప వేలాడుతోంది. పొయ్యి, పెనం, కట్టెలు అన్నీ లోపలే. మెట్ల మీద వీరభద్రప్ప నిలబడి ఉన్నాడు.

"అద్దె ఫోన్‌లో పడిన నిమిషానికి తాళం తీస్తా. ఐదు వేలిస్తామని వేరేవాళ్లు తిరుగుతాండారు, తెలుసుకో" అని పైకి వెళ్లిపోయాడు.

హులిగెమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్టాండు పక్క హోటలుకు రోజూ అరవై రొట్టెలు పంపాలి. ఇవాళ పోకపోతే రేపు వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. ఆ వచ్చే డబ్బులతోనే మర్నాటి జొన్నలూ కట్టెలూ కొనాలి. ఇంకొకరైతే పైకెళ్లి కాళ్లావేళ్లా పడేవాళ్లు. హులిగెమ్మ గంగాళం ఎత్తుకుని వెళ్లి వీరభద్రప్ప గేటుకు అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది.

రోజూ రొట్టెలకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. "ఏమక్కా, పొయ్యి ఎలిగించలేదా?" అన్న ప్రతివాళ్లకూ ఆమె పై అంతస్తుకు వినపడేలా ఒకటే జవాబు చెప్పింది.

"నా పెనం జైల్లో ఉండాది. శుక్రవారం ఈళ్లింట్లోకి దుడ్లు రావచ్చంట, పోగూడదంట. నా రొట్టెల దుడ్లు పైన ఉండాయి, నా పెనం కింద ఉండాది, నేను నడిమధ్యన ఉండా."

ఆటోలు రెండు ఆగాయి. పక్క సందు ఆడవాళ్లు చీపుళ్లతో సహా వచ్చి నిలబడ్డారు. దీపాల వేళకు గేటు ముందు ఇరవై మంది దాకా చేరారు. వీరభద్రప్ప గబగబా కిందికి దిగాడు.

"గేటుకాడ ఏందిది, జాతరా? నీకాడుండేది ఎంతో అంత ఎయ్యి, తాళం తీస్తా!"

"శుక్రవారం గదప్పా. ఇంట్లో దుడ్లు బయటికియ్యగూడదు. మంగళవారమే ఇయ్యగూడదని అక్కనే చెప్పింది."

"ఫోన్‌లో ఏస్తే చేత్తో ఇచ్చినట్లు కాదు. దానికి శుక్రవారం పట్టింపు ల్యా!"

హులిగెమ్మ చేతులకంటిన పిండి దులుపుకుంటూ లేచి నిలబడింది.

"అట్లనా! ఈ మాట ముందే చెప్పింటే మంగళవారమే తీరిపోయేది గదప్పా. నా పద్దెనిమిది నూర్లు ఫోన్‌లో ఎయ్యి. నీ చెయ్యీ తగల్లే, నా చెయ్యీ తగల్లే. అది పడిన నిమిషానికి నీ నాలుగు వేలు నీకు పడతాయి."

వీరభద్రప్ప ఒకసారి గేటు బయటికి చూశాడు. ఇరవై జతల కళ్లు తననే చూస్తుంటే ఏం చేస్తాడు, జేబులోంచి ఫోన్ తీశాడు. అంతలో పైనుంచి శివలీల కేక పెట్టింది.

"ఏమయ్యో! దీపం పెట్టినా! శుక్రవారం పూట ఇంట్లో లక్ష్మిని సాగనంపుతావా?"

"ఈళ్ల లక్ష్మికి వచ్చే దావే గానీ పొయ్యే దావ లేదప్పో!" అన్నాడు ఆటో ఈరేష్. అందరూ గొల్లుమన్నారు.

హులిగెమ్మ మాత్రం నవ్వలేదు. "అక్కా, మీ ఇంట్లో ఉండేది లక్ష్మి, నా ఇంట్లో ఉండేది బిచ్చగత్తెనా? నాకు లేదా శుక్రవారం? ఆ పెనం మాయమ్మ నాకిచ్చింది. నా దుడ్లు మీకాడ పెట్టుకోని దానికి తాళమేస్తారా? అది ఎవురి సొమ్ము తినిందని?"

శివలీల తలుపు చాటుకు వెళ్లిపోయింది. వీరభద్రప్ప ఫోన్ మళ్లీ జేబులో పెట్టేసుకుని, తాళం తీసి, మొహం వేలాడేసుకుని మెట్లెక్కాడు.

"అద్దె రేప్పొద్దున, శనివారం!" అని ఆయన వీపుకు చెప్పి ఆమె పొయ్యి రాజేసింది. ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలో ఆమెకు నిజంగానే తెలియదు. అయినా హోటలుకు అరవై రొట్టెలూ రెండు మూడు గంటలు ఆలస్యంగా వెళ్లాయి.

శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది. పద్దెనిమిది వందలు పడ్డాయి. ఆమె ఆ క్షణమే నాలుగు వేలు వేసి పైకి వెళ్లింది.

"చీటీ రాసియ్యప్పా. నెల పేరు ఎయ్యి."

వీరభద్రప్ప రాసిచ్చాడు. ఆమె కదల్లేదు.

"ఇంకేం గావాల?"

"నిన్నటి తాళం."

"అది నాది. నూటా ఇరవై పెట్టి కొన్యా."

"దాని దుడ్లు గూడా తీసుకో. శనివారమే గదా" అని అక్కడే నిలబడి నూటా ఇరవై పంపింది.

ఆయన ఫోన్ చూసుకున్నాడు, ఆమెను చూశాడు, తాళంతో పాటు చెవీ తెచ్చి చేతిలో పెట్టాడు. హులిగెమ్మ కిందికి వచ్చి దాన్ని షెడ్డు తలుపుకు వేసింది. ఒకసారి లాగి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఖాతాలో ఇంక ముప్పై రూపాయలున్నాయి.